తోడు పోయాక ‘ఇంకెందుకు?’ అనే ప్రశ్నకు కౌన్సెలింగ్ పనికొస్తుందా? తిరుపతి, చిత్తూరు వాళ్ళు చెప్పండి

కొర్లగుంట మాస్టారు
అందరికీ నమస్కారం. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైర్ అయినవాణ్ణి. గంగమ్మ జాతర చాటింపుకు కొంచెం ముందు మా ఇంటామె పోయింది. కిడ్నీల జబ్బు, చాలాకాలం డయాలసిస్. ఉన్నట్టుండి పోయిందని చెప్పలేను, అందరం సిద్ధంగానే ఉన్నామనుకున్నాం.

తిండి తింటున్నా. డాక్టరు మాత్ర రాసిచ్చారు, నిద్ర పడుతోంది. ఏడుపు కూడా తగ్గింది. ఒక ప్రశ్న మాత్రం వదలడం లేదు. పొద్దున కళ్ళు తెరవగానే ‘లేచి ఏం చేయాలి, ఎవరికోసం’ అని మొదలవుతుంది. చచ్చిపోవాలని కాదు. బతకడానికి కారణం కనపడడం లేదు, అంతే. ఇన్నేళ్ళూ ఆమె డయాలసిస్సే నా క్యాలెండర్. మంగళ, శుక్రవారాలు ఆస్పత్రి, మిగతా రోజులు దానికి తయారీ. రోజుకు ఇన్ని నీళ్ళని గ్లాసుతో కొలిచి ఇచ్చేవాణ్ణి. పొటాషియం పెరక్కూడదని కూరగాయ ముక్కలు నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, అప్పుడు వండేవాణ్ణి. ఇప్పుడు మంగళవారం వస్తే ఇంట్లో ఎటు తిరగాలో తెలియదు.

డాక్టరు ‘మెల్లగా సర్దుకుంటుంది’ అన్నారు. చుట్టాలు ‘పిల్లల కోసం బతకాలి’ అంటారు. పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, వాళ్ళ సంసారాలు వాళ్ళవి. ఏటిసూతకం కాబట్టి ఏడాది దాకా కొండెక్కకూడదన్నారు. మేడ మీద నిలబడితే కొండ ఎదురుగా ఉంటుంది, పోవడానికి లేదు.

బెంగళూరులో ఉన్న మా అమ్మాయి ఎగ్జిస్టెన్షియల్ థెరపీ, తెలుగులో అస్తిత్వ చికిత్స అని ఒకటుంది, నీ ప్రశ్నకు అదే సరైనది అంటోంది. అదేమిటి? నాలాంటివాడికి పనికొస్తుందా?

గిరింపేట అక్క
అన్నా, మీరు రాసింది చదివి చాలాసేపు ఊరికే కూర్చుండిపోయాను. మా ఆయన మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పని. సీజన్ మధ్యలో గుండెనొప్పితో పోయాడు. సంవత్సరాలు గడిచాయి.

నేను మొదట వెళ్ళిన చోట ఒక కాగితం చేతికిచ్చారు. దుఃఖానికి ఐదు దశలు, మీరిప్పుడు ఎక్కడున్నారు అని అడిగారు. నాకు ఒకేరోజు ఐదూ ఉండేవి, ఒక్కోరోజు ఏదీ ఉండేది కాదు. పరీక్షలో ఫెయిలైనట్టు ఇంటికొచ్చాను. మళ్ళీ పోలేదు.

తర్వాత ఇంకొకామె దగ్గర కుదిరింది. ఈ చికిత్స పేరేమిటో అప్పుడు నాకు తెలియదు. ఆమె అడిగిన ఒక ప్రశ్న మాత్రం మరిచిపోలేను. ‘ఆయనతో పాటు మీలో ఎవరు పోయారు?’ అంది. చాలాసేపు ఆలోచించి ‘పోట్లాడే మనిషి పోయింది’ అన్నాను. నిజం అన్నా. అత్తగారితో, తోడికోడళ్ళతో, ఎవరితోనూ నేను నోరెత్తినదాన్ని కాదు. ఆయనతో మాత్రం ఉప్పు దగ్గర్నుంచి ఓటు దాకా పోట్లాడేదాన్ని. ఆయన పోయాక నా గొంతు బయటికి రావడమే మానేసింది. ఆ పోట్లాడే మనిషిని మళ్ళీ బతికించుకోవాలా వద్దా అన్నదే ఆ తర్వాత మేము మాట్లాడుకున్నదంతా.

స్వర్ణముఖి
మాస్టారు గారూ, నేను తిరుపతిలోనే కౌన్సెలింగ్ చేస్తున్నాను, సైకాలజీ కూడా ఇక్కడి వర్సిటీలోనే చదివాను. అక్క చెప్పిన ఐదు దశల సంగతి ముందు చెప్పాలి. ఎలిజబెత్ కూబ్లర్-రాస్ అనే సైకియాట్రిస్టు 1969లో వాటిని రాసింది చావుకు దగ్గరైన రోగులతో మాట్లాడి. వెనక మిగిలిపోయిన భార్యకో భర్తకో అది టైంటేబుల్ కాదు. ఆ కాగితం చూసి ఎవరూ తమను తాము తప్పుపట్టుకోవద్దు.

ఇక మీ ప్రశ్న. ‘ఇంకెందుకు’ అనే మాటను ఈ చికిత్స రోగలక్షణంగా తీసిపారేయదు. అది మనిషి అడగదగ్గ ప్రశ్నే అని ఒప్పుకుని, మీ పక్కన కూర్చుని దాన్ని పూర్తిగా అడగనిస్తుంది. అర్విన్ యాలోమ్ అనే అమెరికన్ సైకియాట్రిస్టు 1980లో దీని మీద పెద్ద గ్రంథం రాశారు. మనిషిగా పుట్టాక తప్పించుకోలేనివి నాలుగు అంటారాయన: చావు, స్వేచ్ఛ, ఒంటరితనం, అర్థం లేకపోవడం. తోడు పోయినప్పుడు ఈ నాలుగూ ఒక్కసారే మీద పడతాయి. ఆమె చావుతో పాటు మీ చావు కూడా దగ్గరగా కనపడుతుంది. ఎన్ని గంటలకు వస్తావని అడిగేవాళ్ళు ఉండరు, ఏ నిర్ణయమైనా మీరొక్కరే తీసుకోవాలి. అది కూడా స్వేచ్ఛే, కానీ భయపెట్టే స్వేచ్ఛ. పలకరించేవాళ్ళు ఎంతమంది ఉన్నా, మీ పాతికేళ్ళ వయసును కళ్ళారా చూసిన మనిషి లేరు. నాలుగోది మీరే చెప్పారు, ఖాళీ అయిన మంగళవారం.

నా దగ్గర ఎలా జరుగుతుందంటే, వారానికోసారి, ముప్పావుగంట పైన. ఓదార్పు మాటలు తక్కువ. ఆమె గురించి, మీ ఇద్దరి గురించి, మీకు ఆమె మీద మిగిలిన కోపం గురించి కూడా మాట్లాడతాం. చేయలేకపోయిన వాటి మీద బాధ ఉంటుంది కదా, దాన్ని వద్దనం. కానీ వచ్చే ఏడాది ఇదే రోజుకు ఏ కొత్త బాధ మిగలకూడదనుకుంటున్నారు అని అడుగుతాం. వెనక్కి చూసే చూపు కొంచెం ముందుకు తిరిగేది అక్కడే.

విక్టర్ ఫ్రాంకల్ పేరు వినే ఉంటారు. వియన్నా డాక్టరు. 1942లో నాజీలు ఆయన్ను కుటుంబంతో సహా క్యాంపుకు పట్టుకెళ్ళారు. భార్య టిలీ 1945లో బెర్గెన్-బెల్సెన్ క్యాంపులో చనిపోయింది. ఆ సంగతి ఆయనకు విడుదలై వియన్నా తిరిగొచ్చాకే తెలిసింది. తర్వాత ఒకసారి భార్య పోయి కుమిలిపోతున్న ఒక ముసలి డాక్టరు ఆయన దగ్గరికి వచ్చారు. ఫ్రాంకల్ ధైర్యం చెప్పలేదు. ‘ముందు మీరే పోయుంటే ఆమె ఏమయ్యేది?’ అని అడిగారు. ‘అయ్యో, ఎంత బాధపడేదో’ అన్నాడాయన. ‘ఆ బాధ ఆమెకు తప్పింది. దానికి బదులు మీరు మిగిలి ఏడుస్తున్నారు’ అన్నారు ఫ్రాంకల్. ఆయన చేయి కలిపి, మాట్లాడకుండా వెళ్ళిపోయారట. దుఃఖం తగ్గలేదు, దానికి ఒక అర్థం దొరికింది.

తిరుచానూరు పౌరోహిత్యం
నేను అపరకర్మలు చేయించే వృత్తిలో ఉన్నాను. ఈ విషయంలో నా అనుభవం కూడా చెప్పాలనిపించింది.

పన్నెండు రోజులూ కర్త చేతికి పని ఉంటుంది. స్నానం, తర్పణం, పిండం, ఒకటి అయ్యేలోపు ఇంకొకటి. ఇల్లంతా జనం. సాయంత్రం గరుడ పురాణం. సపిండీకరణం అయిపోయి, పదమూడో రోజు భోజనాలు కాగానే అందరూ బస్సెక్కుతారు. మనిషికి అసలు కష్టం ఆ రాత్రి మొదలవుతుంది. ఆ తర్వాత నెలకొక మాసికం తప్ప మా శాస్త్రం ఆయన్ను పలకరించదు.

మాసికానికి వెళ్ళినప్పుడు నన్ను అడిగే ప్రశ్నలు రెండు రకాలు. ‘ఆమె ఇప్పుడు ఎక్కడుంది స్వామీ’ అంటే శాస్త్రం చెప్పింది చెబుతాను. ‘ఆమె లేకుండా నేనెవరిని’ అంటే నా దగ్గర మంత్రం లేదు. గీత చదవమంటాను. కొందరికి అది చాలు. చాలనివాళ్ళకు భక్తి తక్కువని అనకూడదు. అలాంటివాళ్ళు ఈ మేడం లాంటివాళ్ళ దగ్గరికి వెళ్ళడంలో ఏ దోషమూ లేదు.

మాస్టారు గారూ, కొండ సంగతి మీ ఇంటి ఆచారం ప్రకారం చేయండి. నామస్మరణకు మాత్రం ఏ సూతకమూ అడ్డు కాదు.

కట్టమంచి
మా నాన్నదీ ఇదే పరిస్థితి. కౌన్సెలింగ్ అంటే ‘నాకేమన్నా పిచ్చా’ అంటారు. రోజంతా టీవీ ముందే. ఎలా ఒప్పించాలి?

గిరింపేట అక్క
తమ్ముడూ, ఒప్పించడం పక్కన పెట్టు. టీవీ ఆపి అమ్మ గురించి ఏదో ఒకటి అడుగు. పెళ్ళిచూపుల రోజు ఏం జరిగిందో అడుగు. మా ఇంట్లో అందరూ నా ముందు ఆయన పేరే ఎత్తేవాళ్ళు కాదు, నాకు బాధ కలుగుతుందని. నాకు బాధ కలిగింది ఎవరూ ఎత్తకపోవడం వల్లే.

పలమనేరు రోడ్డు
అందరూ పెద్దవాళ్ళు, మంచి మాటలు రాశారు. కానీ నాకు చదువుతుంటే కోపం వచ్చింది, క్షమించండి.

నాకు ముప్పై దాటాయి అంతే. ఆయన బైకు మీద ఇంటికొస్తుంటే హైవేలో లారీ గుద్దింది. పాప రెండో క్లాసు. డెత్ సర్టిఫికెట్, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, ఇన్సూరెన్సు, కేసు, నాలుగు వేల పింఛను కోసం సచివాలయం, వీటికే రోజులు చాలడం లేదు. పొద్దున బట్టల షాపులో డ్యూటీ. అర్థం గురించి ఆలోచించే టైం నాకెక్కడిది?

స్వేచ్ఛ అన్నారు మేడం. నాకే స్వేచ్ఛ? బొట్టు పెట్టుకుంటే ఒక మాట, తీసేస్తే ఒక మాట. మా ఆడబిడ్డ సీమంతానికి ‘పాపను పంపు చాలు’ అన్నారు. పాపకు పట్టుపావడా కట్టి, జడ వేసి, పూలు పెట్టి ఆటో ఎక్కించాను. ఆ ఆటో మలుపు తిరిగేదాకా నవ్వుతూ నిలబడ్డాను. ఇంట్లోకొచ్చి తలుపు వేసుకుని గోడకు తల కొట్టుకున్నాను. నాలాంటిదానికి మీ చికిత్సలో చోటుందా?

స్వర్ణముఖి
అమ్మా, కోపం న్యాయమైనది. క్షమాపణ అక్కర్లేదు.

మీకు ఇప్పుడు ‘జీవితానికి అర్థమేమిటి’ అని అడిగేవాళ్ళు ఎవరైనా మంచి కౌన్సిలర్ కాదు. నెదర్లాండ్స్‌లో పనిచేసిన మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షూట్ అనే ఇద్దరు పరిశోధకులు 1999లో ఒక మాట చెప్పారు. భర్తో భార్యో పోయిన మనిషి రెండు పనుల మధ్య అటూ ఇటూ తిరుగుతూ ఉంటారు. ఒకటి పోయినవాళ్ళ కోసం ఏడవడం, రెండోది ఫీజులు, కాగితాలు, కొత్త బాధ్యతలు. రెండూ కావాలి, ఒకదాని నుంచి ఇంకోదానికి పోవడమే ఆరోగ్యం. మీకు రెండోది ఊపిరి సలపనివ్వడం లేదు. ఏడవడానికి తలుపు వేసుకోవాల్సి వస్తోంది. కాబట్టి మీ విషయంలో మొదటి పని వారానికి ఒక గంట ఏ కాగితమూ లేకుండా ఏడవగలిగే చోటు ఒకటి ఏర్పాటు చేయడం. పింఛను కాగితాల్లో సాయపడే మనిషిని వెతికిపెట్టడం కూడా నా దృష్టిలో చికిత్సలో భాగమే.

స్వేచ్ఛ గురించి మీరడిగింది నిజమైన ప్రశ్న. ఊరు కట్టిన గోడల్ని ‘నీ మనసులో ఉన్నాయి’ అనడం అన్యాయం. గోడలు ఉన్నాయి. సీమంతానికి పిలవకపోవడం వాళ్ళ నిర్ణయం, వాళ్ళ తప్పు. ఆ గోడల లోపల మీ చేతిలో ఏముంది, దాన్ని ఎప్పుడు వాడాలి, అసలు వాడాలా వద్దా, అది మాత్రం మీరే తేల్చుకోవాలి. నేను తొందరపెట్టను.

గిరింపేట అక్క
చెల్లీ, నేను బొట్టు పెట్టుకుంటాను. మొదటిరోజు మా వీధి చివరి కిరాణా కొట్టు దాకా నడవడానికి కాళ్ళు వణికాయి. కొట్టాయన తల ఎత్తి చూసి, కందిపప్పు ఎన్ని కేజీలమ్మా అన్నాడు. అంతే. అందరూ అలా ఉంటారని చెప్పను, మా బంధువొకామె ఇప్పటికీ మొహం తిప్పుకుంటుంది. చిత్తూరు వస్తే ఇంటికి రా. వేదికలో నాకు విడిగా మెసేజ్ పెట్టు.

నిర్వాహకులు
ఫోన్ నంబర్లు, ఇంటి అడ్రసులు ఇక్కడ బహిరంగంగా పెట్టవద్దని మనవి.

సైకియాట్రీ వార్డు
నేను మానసిక వైద్య విభాగంలో నర్సుని. పైన చెప్పినవాటితో ఏకీభవిస్తూనే కొన్ని జాగ్రత్తలు చెప్పాలి.

ముందు పలమనేరు చెల్లికి. గోడకు తల కొట్టుకున్నానన్నారు. చచ్చిపోవాలని, ఆయన దగ్గరికి పోవాలని ఆలోచన వస్తుంటే నేరుగా చెప్పండి, దాచొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. తిరుపతిలో రుయా ఆస్పత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. చిత్తూరు వైపు వాళ్ళకు వేలూరు సీఎంసీ వాళ్ళ మానసిక చికిత్సా కేంద్రం బాగాయంలో ఉంది.

రెండోది. దుఃఖం జబ్బు కాదు. కానీ కొందరిలో అది తగ్గకుండా గడ్డకట్టిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా పదకొండో కూర్పు 2022 నుంచి అమల్లో ఉంది, అందులో దీర్ఘకాల దుఃఖ రుగ్మత అని చేర్చారు. పోయినవాళ్ళ కోసం తపన, బాధ కనీసం ఆరు నెలలు దాటి, ఆ సమాజంలో మామూలుగా ఉండేదానికన్నా చాలా ఎక్కువై, రోజువారీ పనులు సాగనివ్వనప్పుడు ఆ పేరు పెడతారు. అమెరికా సైకియాట్రిస్టుల లెక్కలో పెద్దవాళ్ళకు ఏడాది. మనకు సంవత్సరీకం దాకా ఎలాగూ దుఃఖకాలమే కదా, అందుకే ఈ గడువులు చూసి భయపడొద్దు, నిర్లక్ష్యమూ చేయొద్దు.

మూడోది, ఏది ఎంత పనిచేస్తుందో నిజాయితీగా చెప్పుకోవాలి. అలా గడ్డకట్టిన దుఃఖానికి ఎక్కువ రుజువులున్నది కేథరీన్ షియర్ అనే అమెరికన్ సైకియాట్రిస్టు బృందం తయారుచేసిన ప్రత్యేక చికిత్సకు. 2005లో వచ్చిన వాళ్ళ పరిశోధనలో ఆ చికిత్సతో 51 శాతం మందికి, మనుషుల మధ్య సంబంధాల మీద పనిచేసే ఇంటర్‌పర్సనల్ థెరపీతో 28 శాతం మందికి గుణం కనిపించింది. వాళ్ళదే 2016 అధ్యయనంలో ఆ చికిత్సకు డిప్రెషన్ మాత్ర కలిపితే డిప్రెషన్ లక్షణాలు తగ్గాయి గానీ, దుఃఖం మీద అదనపు ప్రభావం కనపడలేదు. అస్తిత్వ చికిత్సల మీద పరీక్షలు తక్కువ. 2015లో వాటినన్నిటినీ కలిపి చూసిన ఒక సమీక్షలో, జీవితార్థం మీద నేరుగా పనిచేసే పద్ధతులు బాగా ఉపయోగపడ్డాయి, మిగతావి అంతగా కాదు. వాటిలో చాలావరకు జబ్బుపడిన వాళ్ళ మీద చేసినవి. మాస్టారి ప్రశ్న అర్థం గురించే కాబట్టి ఆయనకిది సరిపోవచ్చు. రాత్రిళ్ళు భర్త యాక్సిడెంట్ కళ్ళముందు తిరుగుతూ నిద్రలేని మనిషికి మొదట వేరేది కావాలి.

ఇంకొకటి, మగవాళ్ళ విషయంలో తాగుడు చూడండి. భార్య పోయాక కొత్తగా మొదలుపెట్టినవాళ్ళను వార్డులో చాలామందిని చూశాను. ఎవరి దగ్గరికి వెళ్ళినా చదువు అడగండి. క్లినికల్ సైకాలజిస్టుకు రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి. అడిగితే మంచివాళ్ళు ఏమీ అనుకోరు.

ప్రకాశం రోడ్డు
యాలోమ్ గురించి ఒక మాట. ఆయన భార్య మారిలిన్ 2019 నవంబర్‌లో క్యాన్సర్‌తో పోయారు. అరవై అయిదేళ్ళ కాపురం. ఆమె ఉండగా ఇద్దరూ కలిసి ఒక పుస్తకానికి చెరొక అధ్యాయం రాస్తూ వచ్చారు, ఆమె పోయాక మిగతాది ఆయన ఒక్కరే పూర్తిచేశారు. జీవితమంతా ఇలాంటివాళ్ళకు చికిత్స చేసిన మనిషి కూడా మొదటి నెలల్లో మొద్దుబారిపోయానని, మనసు అదుపులో లేదని రాసుకున్నారు. నా భర్త పోయిన కొత్తలో అది చదివాను. చదువుకున్నవాళ్ళకూ ఇది తప్పదని తెలిసి నాకు ఊరట కలిగింది.

కొర్లగుంట మాస్టారు
అందరికీ చేతులెత్తి నమస్కారం. పలమనేరు అమ్మాయి రాసింది చదివి, నా కష్టం చెప్పుకోవడానికే సిగ్గేసింది. మళ్ళీ ఆలోచిస్తే, కష్టాలను తూకం వేయకూడదనిపించింది.

స్వర్ణముఖి గారూ, ఫ్రాంకల్ గారి ప్రశ్న నన్ను నేను రోజంతా వేసుకున్నాను. నేను ముందు పోయుంటే ఆమె ఏమయ్యేది? మీరు చెప్పిన జవాబు నాకు రాలేదు. ఆమె ఏడ్చేది, తర్వాత నాకన్నా బాగా బతికేది. వీధిలో ప్రతి గడపా ఆమెకు తెలుసు. చీటీ పాట నడిపేది. అమ్మాయి దగ్గర నెల, చెల్లెలి దగ్గర నెల ఉండి వచ్చేది. నేను బతికి ఉండి ఆమెను ఏ బాధ నుంచీ కాపాడలేదు.

చలికాలం అనపకాయలు వస్తే పితికిపప్పు చేసేది. రాత్రి గింజలు నానబెట్టి, పొద్దున చాప మీద ఇద్దరం ఎదురెదురుగా కూర్చునేవాళ్ళం. ఒక్కో గింజను బొటనవేలితో నొక్కితే పప్పు జారి గిన్నెలో పడాలి, పొట్టు వేళ్ళ మధ్య మిగలాలి. నాకు సగం గింజలు చితికిపోయేవి, ఆమెవి ఒక్కటీ చితికేవి కాదు. జబ్బు వచ్చాక ఆ పప్పు ఆమె తినకూడదు. అయినా కూర్చుని పితికేది, నాకోసం. ఎలా తాలింపు వేసేదో కూడా నేను ఎన్నడూ చూసి నేర్చుకోలేదు. ఈ ప్రశ్నకు నాకు దొరికింది ఇదే. ఇది ఊరట కాదు.

స్వర్ణముఖి
మాస్టారు గారూ, ఆ ముసలి డాక్టరుకు పనికొచ్చిన జవాబు మీకు పనికిరాకపోవడంలో తప్పేమీ లేదు. ఫ్రాంకల్ ఇచ్చిన అర్థాన్ని తెచ్చి అందరికీ పంచడం ఈ చికిత్స కాదు. ఆ ప్రశ్నకు మీకు వచ్చిన జవాబు ‘ఆమె నాకన్నా బాగా బతికేది’ అని. నా గదిలో అయితే నేను అక్కడే ఆగుతాను. ఆమెకు చేతనై మీకు చేతకానిది ఏమిటి? గడప గడపా పలకరించడం, నెలకొక ఇంట్లో ఉండి రావడం, ఒక మనిషి కోసం తాను తినకూడనిది వండడం. ఇన్నేళ్ళు ఇద్దరి తరఫునా ఆ బతుకు ఆమె బతికింది. దాంట్లో ఏది మీరు చేతికి తీసుకుంటారు, ఏది ఆమెతోనే పోనిస్తారు? తొందరేమీ లేదు. ఊరట కాదన్నారు. ఊరట కాకపోయినా, ఇది మీ సొంత జవాబు.

యాలోమ్, మోర్టన్ లీబర్‌మన్ కలిసి 1991లో భర్త లేదా భార్య పోయినవాళ్ళ మీద చేసిన అధ్యయనం ఒకటుంది. కొందరు పాత స్థితికి తిరిగి రావడంతో ఆగలేదు, మునుపు లేని మనిషిగా ఎదిగారు అని గమనించారు. అందరూ కాదు. ఎదగకపోతే తప్పూ కాదు.

పలమనేరు రోడ్డు
నర్సు అక్కా, చచ్చిపోవాలని లేదు. పాప ఉంది. కానీ నిద్ర లేదు, లారీ లైట్లు కనపడతాయి. 14416కి రాత్రి ఫోన్ చేశాను. ఆమె చాలాసేపు విన్నారు, జిల్లా ఆస్పత్రిలో ఎవరిని కలవాలో చెప్పారు. షాపులో సెలవు అడగాలి. గిరింపేట అక్కకు మెసేజ్ పెట్టాను.

కొర్లగుంట మాస్టారు
మంచిపని చేశావమ్మా. సచివాలయం కాగితాలు ఏవైనా నింపాల్సి ఉంటే అక్క ద్వారా నాకు పంపు. ఇన్నేళ్ళు ఆస్పత్రి బిల్లులు, ఆరోగ్యశ్రీ కాగితాలు రాసిన చెయ్యి ఇది.

స్వర్ణముఖి గారూ, మంగళవారం మీకు వీలుంటే వస్తాను. ఒక అనుమానం. మా అమ్మాయి ఆ వారం ఇక్కడే ఉంటుంది. మొదటిసారి తనను కూడా లోపలికి తీసుకురావచ్చా?

స్వర్ణముఖి
మంగళవారం పదకొండింటికి రండి. అమ్మాయిని తప్పకుండా తీసుకురండి. మొదటి అరగంట మాత్రం మీరొక్కరే కూర్చోవాలి, ఆ తర్వాత ఆమెను పిలుస్తాను. ఆమెకు కూడా అమ్మ పోయింది కదా.